గవ్వలు ముందే చెప్పాయి

తిరువూరు, 9-8-79

ఏమండీ, ఇక్కడ అందరం కులాసా. మీ ఉత్తరం చదివి కడుపు మండింది. చమురు బావి మట్టిలో, గ్యాసు పొరకు కాస్త పైన ఉండే నూకంత గవ్వలు చూసి, కింద ఆ పొర దగ్గరపడిందని, తవ్వకం ఆపమని మీరు ముందే చెప్పారు. ఆఫీసరు "గవ్వలాటకు ఆడాళ్లున్నార్లేవయ్యా" అని నవ్వి తవ్వించాడు. బావిలోంచి బురద ఎగదన్ని, మీతో పనిచేసే ప్రభుదాసు అన్నయ్య కాలు విరిగింది. ఇప్పుడేమో, గవ్వల సంగతి ప్రమాదం జరిగాకే చెప్పానని మిమ్మల్ని సంతకం పెట్టమంటాడా!

మామయ్యగారు "పెట్టెయ్యమని రాయమ్మాయ్, ఉద్యోగం ముఖ్యం" అన్నారు. ఎదురు చెప్పలేక తలూపాను. మీరు మాత్రం పెట్టకండి.

కందిపొడి అందిందా? అన్నయ్యకూ కాస్త ఇవ్వండి. ఎప్పుడూ కవరులో రాసేదాన్ని, ఈసారి కావాలనే కార్డు రాశాను. ఆ ఆఫీసరుతో సహా అందరూ చదవనీండి.

నమస్కారాలతో,
మీ ప్రమీలారాణి