స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి

ఇబ్రహీంపట్నం, మంగళవారం

నా కొడుకు యాదగిరి పోయి మూడు నెలలు. వాడి మోటార్ల షాపు అమ్మేద్దామని ఇవ్వాళ డిగ్రీ చదివే వాడి కూతురు లావణ్యతో షట్టర్ తీయించాను. అంతలో యాచారం రైతు ఒకాయన చప్పుడు చేస్తున్న బావి మోటారు తెచ్చాడు.

లావణ్య కరెంటు పెట్టి, స్క్రూడ్రైవర్ మొన మోటారుకు, పిడి తన చెవికి ఆనించింది. అచ్చం వాళ్ల బాపులాగే. ఎవరూ నేర్పకుండా, మోటార్లు విప్పి విప్పి వాడు నేర్చిన పద్ధతి.

"బేరింగ్ పోయింది కాకా. వైండింగ్ మంచిగనే ఉంది."

"నీకెట్ల ఎరుక బిడ్డా?"

"చిన్నప్పుడు బాపు ఒళ్లె కూసోబెట్టుకొని వినిపిచ్చేటోడు."

"ఆడపిల్లకు గిదేం ఆటరా" అని అప్పుడు వాడిని తిట్టింది నేనే.

బేరింగ్ మార్చాక పిడి నా చెవికి పెట్టింది. మోటారు సన్నగా, ఒకే తీరుగా నడుస్తోంది. రేపు షాపు కొంటానన్నాయన వస్తాడు. అమ్మేది లేదని చెప్తాను. యాదగిరి ఉంటే ఎంత నవ్వేవాడో... పొద్దున షట్టర్ ఇద్దరం కలిసే తీస్తాం.