రెండో బిందె పానకం

రారవాయి చెరకు కూలీల లైన్లు, శ్రీరామనవమి రాత్రి

పటాలం వస్తే, చెరకుతోటలో అజమాయిషీ పేరుతో మమ్మల్ని కొరడాతో బాదే కులంబర్ ఆగడాలు ఆగుతాయనుకున్నాం. వచ్చిన రోజే ఆ తెల్ల సిపాయిలు, కులంబర్ మీద ఫిర్యాదు చేసిన మా తమ్ముడు సూరిని కట్టి డేరాలో పడేశారు.

వాడిని విడిచిపెట్టమని వేడుకుందామని, ఈ రోజు భజన కాగానే, దేవుడికి నివేదించిన పానకం బిందె ఎత్తుకుని లైన్లన్నీ కదిలి వాళ్ల దగ్గరికి వెళ్లాం. ఒక సిపాయి గుక్కెడు తాగి తుపుక్కున ఉమ్మేశాడు. బిందె వంచి, మిగిలిన పానకంతో బూటు బురద కడుక్కున్నాడు. వాళ్లు పట్టుమని పదిమంది లేరు. ఇంతమందిమి ఉండి, భజన తాళాలు పట్టుకుని అలాగే నిలబడ్డాం. థూ!

తిరిగొచ్చాక, లైన్లకి పెద్ద అప్పలస్వామి మావ అన్నాడు: “మిరియాల ఘాటు దొరకి పడనేదు కావోసు. ఉత్త బెల్లంతో మళ్లీ కలిపి అట్టికెల్దాం. తుపాకులున్నోళ్లతో మనకేటి?”

అందరూ సూరి సంగతి వదిలేసి, దొరకి తీపి ఎంత వెయ్యాలా అని వాదించుకున్నారు. ఆ బిందెను మరదలు, సూరి పెళ్లాం, తోమింది. తోముతున్నంతసేపూ నా వైపే చూసింది.

బెల్లం దంచింది నేనే.