సాంచాల కాడ నేర్చిన మాట

అవ్వా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకు చదువు రాదని తెలిసే రాస్తున్నాను.

నా బిడ్డ, నీ మనవరాలు లక్ష్మికి హైదరాబాదులో ఆపరేషన్ చేసి చెవిలో మిషన్ పెట్టారు. పొద్దున షెడ్డులో బట్ట నేసే సాంచాలన్నీ బందు చేయించి, వెనక నుంచి పేరు పెట్టి పిలిచాను. తిరిగి చూసింది. నీ కంచం కింద పడేశాను. దానికీ అట్లాగే తిరిగింది. లక్ష్మికి రెండూ చప్పుళ్లే.

"రెండేండ్లప్పుడు తెస్తే మాటలు మంచిగ వచ్చేటియి. ఏడేండ్లకు తెచ్చినవ్. ఇగ ఎన్ని వస్తయో చెప్పలేం," అన్నాడు డాక్టరు.

రెండేండ్లప్పుడే నువ్వన్నావు: "పోరికి వినవడ్తలేదురా, దవాఖానకు పట్కపో."

"గీ సాంచాల మోతల నాకే వినవడది, దానికేం వినవడ్తదే? ఊకో!" అని కసిరాను.

మోతలో మేమంతా గొంతు లేకుండా పెదాలతో, చేతులతో మాట్లాడుకుంటాం కదా. అదీ అట్లాగే మాట్లాడుతుంటే, "నా బిడ్డ అప్పుడే పని నేర్చింది" అని అందరికీ చెప్పుకున్నాను. థూ, నా తెలివి!

నెల రోజులుగా ఒక్క మాటే నేర్పుతున్నాను. నిన్ను పిలిచే 'అవ్వ'. అలసిపోయాను. పెదాలు సరిగ్గానే కదుపుతుంది, గొంతు రాదు. అట్లా మాట్లాడటం దానికి నేర్పింది నేనే.