పండుగ నాడు మిలూతిన్ కూర్చున్నాడు

బెల్‌గ్రేడ్, జనవరి 22

దేసంకకు ఆశీస్సులు. నేను క్షేమమే. అబ్బాయి మిలూతిన్ ప్రక్కనే ఉండగా ఫోనులో చెప్పలేక ఈ కార్డు వ్రాస్తున్నాను.

మొన్న మన ఇంటి పునీతుని పండుగను వాడు మొదటిసారి తన ఇంట జరిపాడు. అతిథులు వెళ్లేవరకు యజమాని కూర్చోరాదు కదా. మోకాలు చెడిందని తెలిస్తే బాస్కెట్‌బాల్ జట్టువారు కొత్త ఒప్పందం వ్రాయరని, మనకు కూడా చెప్పక, ఉదయం నుండి నిలబడే వడ్డించాడు. పిలుపు లేకుండానే రావడం ఆచారం కనుక జట్టు మేనేజరు కోస్తిచ్ కూడా వచ్చాడు. ఆయనకు పండుగ గోధుమల గిన్నె అందిస్తూనే వాడు కుర్చీలో కూలబడ్డాడు.

"ఏరా, యజమానివై ఉండి కూర్చున్నావేం? ఆటలోలాగే ఇంట్లో కూడా బెంచీయేనా?" అని తోటి ఆటగాడు నవ్వాడు. కోస్తిచ్ నవ్వలేదు. మోకాలి వంకే చూస్తూ, "లేవకు నాయనా, కూర్చో" అన్నాడు. ఒప్పందం లేదని నిన్న కబురు వచ్చినది.

వాడి పొడుగు మంచమును మేడ మీద నుండి క్రింది గదిలోనికి దింపించు. కట్టెలు చాలినన్ని ఉన్నవా? మీ అమ్మగారికి జ్వరం తగ్గినదా? వారికి నా నమస్కారములు.

శనివారం ఇద్దరమూ వస్తున్నాము. మన గుమ్మం పొట్టిది కనుక వాడు ఎప్పటివలెనే తల వంచుకొని లోపలికి వస్తాడు. అది చూసి నీవు కన్నీరు పెట్టవద్దు.

వుయాదిన్