హాలు అదే, చోటే వేరు

మంగళవారం

రేపు ఎచ్చెర్ల కాలేజీలో చెప్పాల్సిన పాఠం కోసం సాయంత్రం ఐరోపా పార్లమెంటు చార్టు చేశాను. ఒక్కో పార్టీకి ఒక్కో రంగు కాగితం; ఒకేలా ఆలోచించే దేశాల పార్టీలు అక్కడ గ్రూపులుగా కూర్చుంటాయి. తీరా అంతా అంటించాక, ఒక దేశపు పార్టీ తన గ్రూపు వదిలి ఇంకో గ్రూపులో చేరిందని తెలిసింది. విసుగొచ్చి ఆ ముక్క పీకేస్తుంటే మావయ్య చూశారు.

"ఏటమ్మా, దాన్ని పీకేస్తన్నావు?"

గ్రూపంటే మన రేవులో వల లాగేవాళ్ల జట్టులాంటిదే, నచ్చకపోతే ఇంకో జట్టుకి పోవచ్చు అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. మావయ్య తమ్ముడు మా జట్టు వదిలి పక్క జట్టుకి వెళ్లి రెండు నెలలు. ఇద్దరికీ మాటల్లేవు.

మావయ్య చార్టు మీదికి వంగారు.

"గ్రూపు మారితే బయటికి గెంటేస్తారేటి?"

"లేదు మావయ్యా. అదే హాలు. కూర్చునే చోటు మారుతుందంతే."

"మరి పారేస్తావేటి? అటేపు అంటించు."

అంటించాను.

మా రేవులో వల తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ కూరకి చేపలిస్తారు, ఏ జట్టువాడైనా సరే. చిన్నమావయ్య ఈ రెండు నెలల్లో మా తాడు ముట్టుకోలేదు. అయినా మావయ్య గిన్నెనిండా కవళ్ల చేపలు వేసుకుని తమ్ముడింటికి బయల్దేరారు.

"ఆయన తాడు పట్టలేదు కదా?" అన్నాను, నవ్వు ఆపుకుంటూ.

"రేపు పడతాడులే," అన్నారు వెనక్కి తిరగకుండా.

రేపు నిజంగా పడతారో లేదో, భయంగానే ఉంది. కానీ మావయ్య తిరిగొచ్చినప్పుడు చేతిలో గిన్నె లేదు.