మంచం కింద మూడు బస్తాలు

సౌభాగ్యవతి దేవికి,

నర్సీపట్నం నుంచి కొండన్న రాస్తున్నాను. ఇక్కడ అమ్మ, పాప కులాసా. హైదరాబాదులో నువ్వు పనిచేసే ఇంటివాళ్లు వేళకు తిండి పెడుతున్నారని తలుస్తాను. పాప పుస్తకాలకు నువ్వు చెప్పినట్టే అట్టలు వేశాను, కాస్త వంకరగానే అనుకో. అమ్మ మాత్రలు వేసుకుంటోంది, నన్ను తిట్టుకుంటూనే.

మీ అక్క కాలు ఎలా ఉందని, ఇన్సూరెన్సు ఎందుకు రాదంటున్నారని అడిగావు. లోవలక్ష్మి వదిన కర్ర పట్టుకుని గుమ్మం దాకా వస్తోంది. రెండో మాటకు ఆదివారం ఫోనులోనే జవాబు చెప్పబోయి మాట మార్చేశాను. ఇప్పుడూ మూడు కాగితాలు చింపాను.

మన ఆటో సి-బుక్కులో సరుకుల బండి అని ఉంది కదా, మనుషులను ఎక్కించకూడదని నా భయం. ఆ రోజు కృష్ణదేవిపేటలో వదిన తన జీడిపిక్కలు మూడు బస్తాలు బండిలోకి ఎక్కించి, కిరాయి చేతిలో పెట్టి, "బాబూ, సరుకుతో నానూ వచ్చేత్తాను, బేగి పోనీ" అంది. దారిలో గేదె అడ్డొచ్చి బండి ఒరిగిపోయింది. ఆమె కాలు బండి కింద పడి నలిగింది.

ఆమెను ఆసుపత్రికి పంపాక నేను చేసిన పని విను. లైసెన్సు పోతుందని భయపడి, పోలీసులు వచ్చేలోపే బస్తాలు వేరే బండిలో మన ఇంటికి తోలించేశాను. "ఖాళీ బండండి. ఈవిడ ఎనకాల ఎప్పుడెక్కిందో నాను సూడలేదు" అని సంతకం పెట్టాను. సొంత వదినను చెప్పకుండా ఎక్కిన మనిషిని చేశాను, దేవీ.

మొన్న వదినను తీసుకుని వెళ్తే లాయరు గణేశ్వరరావు గారు ఏమన్నారో తెలుసా? "ఊరికే ఎక్కిన మనిషికి సరుకుల బండి ఇన్సూరెన్సు రాదయ్యా. ఆవిడ సరుకే ఉండి, దాంతోపాటు వస్తుంటే కేసు నిలబడేది." నిజం చెప్పి ఉంటే సరిపోయేది! ఆయన వదిన వైపు తిరిగి, "సరుకేమైనా ఉందా అమ్మా?" అన్నారు. ఆమె నా మొహం చూసి, "నాకేటి తెల్దండి. బాబు ఏటి సెప్తే అదే" అంది. అప్పుడూ నేను తల దించుకునే కూర్చున్నాను. బయటికొచ్చాక, "నీ బండి పోతే మా సెల్లి ఇంకెన్నాళ్లు ఆ ఊళ్లో పడుంటాది బాబూ" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ బస్తాలు ఇంకా మన మంచం కిందే ఉన్నాయి. రేపు పొద్దున్నే వాటిని వదిన గుమ్మంలో దించి, లాయరు గారికి ఉన్నదున్నట్టు చెబుతాను. లైసెన్సు ఉంటుందో ఊడుతుందో తెలియదు. నువ్వు ఇంటికి రావడం ఇంకా ఆలస్యం కావచ్చు. ఈ ఆదివారం నాకు ఫోను చేయకు, ముందు మీ అక్కకు చెయ్యి. నన్ను వెనకేసుకొస్తూ ఆమె ఏం చెప్పినా నమ్మకు.

ఇట్లు,
మీ అక్క ఇంకా 'బాబూ' అనే పిలుస్తున్న నీ భర్త,
కొండన్న