హారిక లేని రీళ్లు

అవనిగడ్డ,
9-8-1996

దర్శకులు జనార్దనరావు గారికి, సినిమా హాలు పున్నారావు నమస్కారాలు.

మీ ముప్పయ్యో సినిమా మా హాల్లో ఆడుతోందండీ. హీరోయిన్ హారిక గారు రేషన్ డీలర్ని దులిపేసే సీనుకి జనం పడీపడీ నవ్వుతున్నారు. ఆవిడ తెర మీద లేనప్పుడు మాత్రం లేచి సోడాలకి వెళ్తున్నారు. మీ చెవిన వేద్దామని రాశాను.

మీ అభిమాని,
పున్నారావు

తా.క.: సోడా కొట్టు శివరామయ్య మీకు ప్రత్యేకంగా దండాలు చెప్పమన్నాడు.

హైదరాబాదు,
14-8-1996

పున్నారావు గారికి,

మీ ఉత్తరంతో కడుపు నిండింది. నవ్వి నవ్వి గొంతులెండిపోతున్నాయన్నమాట! ఇక్కడి పత్రికలవాళ్లకి ఇదెక్కడ అర్థమవుతుంది? గుడివాడవాణ్ణి, మన డెల్టా నాడి నాకు తెలుసు. వందరోజుల పండగకి నేనే వస్తాను.

ఉంటాను,
జనార్దనరావు

తా.క.: ఆ రోజు శివరామయ్య గారికి శాలువా కప్పుదాం.

అవనిగడ్డ,
20-8-1996

అయ్యా,

నాకు సరిగ్గా రాయడం రాలేదు, క్షమించండి. దాహం కాదండీ, విసుగు. శుక్రవారం ఫిల్ము బాక్సు తిప్పి పంపేద్దామనుకున్నాను. ఈలోగా మా ఆపరేటరు, హారిక గారు కనపడని ఏడో రీలూ పదో రీలూ వెయ్యడం మానేశాడు. అంతే! నాగాయలంక, కోడూరు నుంచి ఆడవాళ్లు ఆటోలు కట్టించుకుని వస్తున్నారు.

విధేయుడు,
పున్నారావు

తా.క.: కథ ఇప్పటికి అర్థమైందని మా ఆవిడ అన్నపూర్ణ అంటోంది.

హైదరాబాదు,
25-8-1996

ఏమయ్యా పున్నారావూ,

ఆ రెండు రీళ్లూ నా ప్రాణం! వాటికోసమే మిగతా సినిమా తీశాను. వెంటనే కలపకపోతే కోర్టుకి లాగుతాను. శనివారం వచ్చి నా కళ్లతో చూస్తాను.

జనార్దనరావు

తా.క.: బందరు నుంచి మీ ఊరికి బస్సులు ఎన్నింటికో వెంటనే తెలపండి.

హైదరాబాదు,
20-9-1996

పున్నారావు గారూ,

మీరు బస్టాండులో దండ పట్టుకుని నిలబడితే, నేను తల దించుకుని పక్కనుంచే వెళ్లి మ్యాట్నీకి టిక్కెట్టు కొన్నాను. రీళ్లు కలిపారు, సంతోషం. ఏడో రీల్లో నాకు నిద్ర పట్టేసింది. పక్క సీటావిడ "లేవండి బాబాయ్ గారూ, అమ్మాయి వచ్చింది" అని లేపింది.

రేషన్ డీలర్ సీనుకి హాలు హాలంతా నవ్వుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఆ మాటలు నావి కావండీ. హారిక సెట్లో అప్పటికప్పుడు అల్లింది. రీటేక్‌కి ఫిల్ము లేక ఉంచేశాను. పైగా పిల్లని తిట్టాను కూడా.

తిరిగి రాగానే సరాసరి వాళ్లింటికి వెళ్లాను. "తప్పు నాదమ్మా. ఈసారి నీ పాత్ర పెంచుతాను" అన్నాను.

"కథ నా దగ్గరుంది సార్. డైరెక్షను నేనే చేస్తాను. మీరు నాన్న వేషం వెయ్యండి" అంది!

రెండు రోజులు కుదరదన్నాను. మూడో రోజు ఒప్పుకున్నాను. సినిమా ఇంకా ఆడుతుంటే ఆ రెండు రీళ్లూ నిక్షేపంగా తీసేయండి.

మీ
జనార్దనరావు

తా.క.: నిన్న నా మొదటి షాట్. మూడు టేకులు తిన్నాను. నాలుగోదానికి యూనిట్టంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ముప్పై కామెడీలు తీశాను గానీ పున్నారావు గారూ, నన్ను చూసి జనం నవ్వడం ఇదే మొదటిసారి.